కామయ్య ట్రాక్టరుకు ఆరు జతలు

నాకు కోపం ఎక్కువ. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎవరిని అడిగినా ముందు ఆ మాటే చెబుతారు, తర్వాతే వరప్రసాదం మంచి మెకానిక్ అంటారు. ముప్పయ్యేళ్ళుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. చెప్పిన మాట వినకుండా బండి చెడగొట్టుకుని వచ్చేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఫోనులో వీడియో చూసి వచ్చి నాకే పని నేర్పబోయేవాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది. ఉదయగిరి కామయ్య మీద కూడా గట్టిగానే అరిచాను. ఆయన సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. కానీ మా షెడ్డుకు ముందు వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య చెంచమ్మ.

పోయినేడు కార్తీకం వెళ్ళిన వారం. గురువారం కావడంతో ఏ.ఎస్.పేట దర్గాకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. ఆ బస్సుల్లో ఒకదాంట్లోంచి అరవై ఏళ్ళ మనిషి దిగి నేరుగా షెడ్డులోకి వచ్చింది. ఎవరు, ఏమిటి అని చెప్పలేదు. కొంగు ముడి విప్పి ఒక ఇనప బిరడా నా బల్ల మీద పెట్టింది. బొటనవేలంత లావు. ఒక కొసన మరలు, ఆ మరల చివర మసి పట్టిన చిన్న గుంట.

"దీన్ని పీక్కొని వచ్చినానబ్బయ్యా. ఆ బొక్కలో కరెంటు పెట్టాల నువ్వు," అంది.

"ఏ బొక్కలో? బండి యాడుండాది?"

"ఇంటికాడ. ఆయనకు తెలీదు."

నాకు అప్పుడే సగం కోపం వచ్చింది. బండి లేకుండా బిరడా తెచ్చిన గిరాకీని నేను అంతకుముందు చూడలేదు. కానీ ఆ బిరడాను గుర్తుపట్టాను. చాలా పాతకాలపు ఒంటి సిలిండరు ట్రాక్టర్లకు ఉండేది. ఆ ఇంజను చల్లగా ఉంటే లేవదు. హెడ్డులో ఉన్న బొక్కలోంచి ఈ బిరడాను విప్పి, కొసనున్న గుంటలో మండే వత్తి గుచ్చి, మళ్ళీ బిగించి సెల్ఫ్ కొట్టాలి. లోపల ఆ నిప్పు రవ్వకే డీజిల్ అందుకుంటుంది. ఆ వత్తులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. మనవాళ్ళు దానికి ఉపాయం కనిపెట్టారు. ఆ గుంటలో బీడీ ముక్క అతికినట్టు సరిపోతుంది.

"బీడీతో లేస్తాండాది కదమ్మా, మళ్ళీ కరెంటెందుకు?" అన్నాను.

"ఆ బీడీయే నా కొంప తీస్తాండాది," అని స్టూలు లాక్కుని కూర్చుంది.

నెల్లూరులో డాక్టరు కామయ్యకు ఫోటో తీసి చూపించాడట. ఊపిరితిత్తులు పొయ్యి మీది ఉట్టి మాదిరి అయ్యాయన్నాడట. ఇంకో రెండేళ్ళు ఇలాగే తాగితే మూడో ఏడు చూడడని ఆమె ముందే చెప్పాడట. అక్కడికక్కడే కామయ్య తన భార్య నెత్తిన చెయ్యి పెట్టి, ఇక బీడీ నోట పెట్టనని ఒట్టేశాడు.

"తెల్లారి చూస్తే బండికాడ పొగ. ఏందయ్యా ఇది అంటే, నాకు కాదే, బండికి అంటాడు. బండికైతే నీ ముక్కులోంచి ఎందుకొస్తాది అని అడిగినా. నాలుగు దమ్ములు లాక్కపోతే నిప్పు నిలవదు, నేనేం చేసేది అన్నాడు. ఊదుబత్తి పెట్టి చూసినాం, ఆరిపోయింది." స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. "అందుకని మూడు రోజులు నేనే ముట్టించి ఇచ్చినా."

టీ గ్లాసు కింద పెట్టాను. ఎన్నడూ పొగ ఎరగని మనిషి, తెల్లవారుజామున ట్రాక్టరు పక్కన నిలబడి, మొగుడు తాగకూడదని తను బీడీ లాగింది. ఆ డొక్కు బండి అమ్మెయ్యరాదా అన్నాను.

"గొర్రెలు అమ్మినప్పుడు మూణ్ణెల్లు మాట్లాడలేదబ్బయ్యా ఆయన. ఇది కూడా అమ్మితే మనిషి నాకు దక్కడు," అంది.

ఆ గొర్రెల సంగతి నాకు తర్వాత తెలిసింది. కామయ్యది ఉదయగిరి కొండ కింద పల్లె. తాతల నాటి నుంచీ జీవాలే బతుకు. బడి మొహం చూడలేదు, పన్నెండేళ్ళకే మంద వెనక నడిచాడు. ఎండాకాలం మేత కోసం వెలిగొండల వైపు మందను తోలుకుపోతే మళ్ళీ వానలు పడ్డాకే ఇల్లు చేరేవాడు. యాభై ఏళ్ళ దాకా బీడీ ముట్టలేదు. పొగకు గొర్రె బెదురుతుందని వాళ్ళ నాయన తాగనివ్వలేదు, నాయన పోయాక కూడా ఆ మాట తప్పలేదు. మందలో నూటనలభై దాకా ఉండేవి. ఒక వానాకాలం నాలుక నీలమయ్యే రోగం వచ్చి సగం పోయాయి. ఆయన మోకాళ్ళు కూడా మొరాయించాయి. మిగిలిన సగం అమ్మి, కలిగిరిలో ఒక పెద్ద రైతు దగ్గర ఈ ట్రాక్టరు కొన్నాడు. ఆ రైతు తాళంచెవి ఇస్తూ బీడీ ఎలా ముట్టించాలో, ఎంత లాగాలో, ఏ చోట తుంచాలో దగ్గరుండి నేర్పాడట. యాభై ఒకటో ఏట కామయ్య జీవితంలో మొదటి బీడీ వెలిగించింది ట్రాక్టరు కోసం. గంటసేపు ఆపితే చాలు, ఆ ముసలి ఇంజను మళ్ళీ బీడీ అడిగేది. దానికి ఒకటి, తనకు ఒకటి. పదిహేనేళ్ళు అలా నడిచింది. కొండాపురం నుంచి కలిగిరి దాకా పొగాకు చేలు, శనగ చేలు దున్నాడు. గట్టు వారన మూల కూడా వదలకుండా దున్నుతాడని చిన్న రైతులకు ఆయనంటే ఇష్టం.

పని ఒప్పుకున్నాను. చూడ్డానికి చిన్న పనే, చెయ్యబోతే తెలిసింది. బీడీకి బదులు ఆ బొక్కలో గ్లో ప్లగ్గు పెట్టాలి. దాన్ని మేం హీటరు ప్లగ్గు అంటాం, పాత డీజిల్ జీపులకు ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఇస్తే కొన ఎర్రగా కాలి సిలిండరు లోపల వేడి పుట్టిస్తుంది. అయితే జీపు ప్లగ్గు సన్నం, ట్రాక్టరు బొక్క లావు. మధ్యలో ఒక బుష్షు కావాలి. దాని బయటి మర చెంచమ్మ తెచ్చిన బిరడా మరకు సరిపోవాలి, లోపలి మర ప్లగ్గుకు సరిపోవాలి. పక్క షెడ్డులో లేతు నడిపే శీనయ్యకు బిరడా ఇచ్చాను. రెండు బుష్షులు పాడుచేశాడు. మూడోది చేసేటప్పుడు పక్కనే నిలబడి తిట్టాను, అది కుదిరింది. ప్లగ్గులు మాత్రం ముందు జాగ్రత్తకు రెండు కొన్నాను.

ఆదివారం మోటారు సైకిలు మీద వాళ్ళ పల్లెకు వెళ్ళేసరికి కామయ్య పనిముట్ల పెట్టె బోర్లించి కూర్చుని ఉన్నాడు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు. నాలుగు రోజులుగా బిరడా కోసం వెతుకుతున్నాడట.

"ఎవురబ్బయ్యా నువ్వు?"

"ఆత్మకూరు వరప్రసాదాన్ని. మీ ఇంటామె పిలిచింది."

ఆయన చెంచమ్మ వైపు చూశాడు. నా చేతిలో ఉన్న బిరడా వైపు చూశాడు. సంగతి అర్థమైంది. కోప్పడదామని నోరు తెరిచాడు గానీ దగ్గు అడ్డం వచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందడం లేదు ఆ మనిషికి.

"పదిహేనేళ్ళు బీడీకి లేచిన బండి. కరెంటుకు లేస్తాదా?" అన్నాడు చివరకు.

"లేవకపోతే నా పేరు మార్చుకుంటా. నువ్వు పక్కకు జరుగు పెద్దాయనా."

ప్లగ్గు కొన లోపలికి ఎంత రావాలన్నదే అసలు చిక్కు. ఎక్కువ వస్తే నాజిల్ చిమ్మే డీజిల్ నేరుగా తగిలి కాలిపోతుంది. తక్కువైతే వేడి అందదు. సైకిలు చువ్వకు మైనం ముద్ద అంటించి బొక్కలో పెట్టి లోతు చూసుకుని, రాగి వాషరు ఒకటి వేసి, ఒకటి తీసి, మధ్యాహ్నానికి కుదిర్చాను. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి స్టీరింగు పక్కన బటన్ పెట్టాను. బిరడాను చెంచమ్మకే తిరిగి ఇచ్చేస్తే కొంగున ముడేసుకుంది. కామయ్యను సీటు మీద కూర్చోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"బటన్ నొక్కి పట్టుకొని ఇరవై లెక్కపెట్టు. వదిలేసి సెల్ఫ్ కొట్టు. ఇరవై దాటొద్దు, దాటితే ప్లగ్గు మాడిపోతాది."

మొదటిసారి నేనే నొక్కి చూపించాను. దబ్ దబ్ మని బండి లేచింది. కామయ్య దిగి వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"పొగ లేకుండానే లేచిందే," అన్నాడు.

చెంచమ్మ పనిముట్ల పెట్టె అడుగు నుంచి బీడీ కట్ట తీసుకుపోయి పొయ్యిలో వేసింది. ఆ పొయ్యి మీదే కోడికూర వండి, సద్ద రొట్టెలు చేసి నాకు పెట్టింది. కడుపు నిండా తిని, చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

పదకొండో రోజు పొద్దున్నే ఫోను.

"బండి లేవడంలేదబ్బయ్యా. ప్లగ్గు ఎర్రబడడంలేదంట. ఆయన స్పానరు తీసినాడు," అంది చెంచమ్మ. "దాన్ని విప్పి బీడీ పెడతా, బిరడా ఇయ్యి అంటాండాడు. నేను ఇయ్యలా."

చేతిలో పని అక్కడే పడేసి బయల్దేరాను. దారి పొడుగునా కామయ్యను తిట్టుకుంటూనే ఉన్నాను. తీరా వెళ్ళి చూస్తే ఆ దంపతులు నేను తిట్టేలా లేరు. చెంచమ్మ బిరడాను గుప్పిట్లో బిగించి ట్రాక్టరు సీటు మీద కూర్చుని ఉంది. కామయ్య కింద, పెద్ద చక్రానికి ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. ఒక చేతిలో స్పానరు, ఇంకో చేతిలో ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న బీడీ. బీడీ ముట్టించలేదు.

"ఎందుకు ముట్టించలేదు?" అన్నాను.

"నోట పెట్టినా. అది పైకెక్కి కూర్చొని చూస్తాండాది. తిట్టినా బాగుండు, తిట్టడంలేదు," అన్నాడు.

ప్లగ్గు విప్పాను. కొన మాడి రాలిపోయి ఉంది. ఇది డీజిల్ తగిలి పోయింది కాదు, అతిగా కాల్చితే పోయింది. నా కోపం మళ్ళీ మొదలైంది.

"ఎంతసేపు నొక్కినావు?"

"నువ్వు చెప్పినంతే. ఇరవై."

"ఇరవైకి ఇట్టా మాడదు. ఏదీ, నా ముందర లెక్కపెట్టు."

ఫోనులో గడియారం పెట్టుకున్నాను. కామయ్య లేచి నిలబడి కుడిచెయ్యి ముందుకు చాపాడు. రెండు వేళ్ళు నేల వైపు చూపించి, "ఒకటి" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ రెండు వేళ్ళు ఆడించి, "రెండు" అన్నాడు. ఎదురుగా దేన్నో చూస్తున్నాడు. నేనూ అటు చూశాను, పాత దొడ్డి చుట్టూ ఉన్న ముళ్ళకంపలో ఖాళీ సందు తప్ప ఏమీ లేదు. ప్రతి అంకెకూ ఆగాడు, ప్రతి అంకెకూ ఊపిరి ఎగబీల్చాడు, మధ్యలో రెండుసార్లు దగ్గాడు. ఇరవైకి వచ్చేసరికి డెబ్బై అయిదు సెకన్లు.

"ఇదేం లెక్కయ్యా, ఈలోపు నేను ఆత్మకూరుకు పోయొస్తా," అని అరిచాను.

సీటు మీద నుంచి చెంచమ్మ అంది: "అది జతల లెక్క అబ్బయ్యా. ఆయనకు వచ్చిన లెక్క అదే."

సాయంత్రం మంద ఇంటికి వచ్చాక దొడ్డి కంప కొంచెం పక్కకు లాగుతారట. ఆ సందులో గొర్రెలు రెండేసి లోపలికి పోతాయి. జతకు ఒక అంకె. రెండూ లోపలికి పోయేదాకా తర్వాతి అంకె నోట రాకూడదు, వస్తే లెక్క తప్పుతుంది. ఇరవై అంటే కామయ్యకు నలభై గొర్రెలు. నేను ముప్పయ్యేళ్ళుగా అందరికీ ఇరవై లెక్కపెట్టమనే చెబుతున్నాను, ఇరవై ఇంకో రకంగా ఉంటుందని నాకెందుకు తోస్తుంది?

"సరే, ఇప్పుడు ఆడ గొర్రెలు లేవు కదా. గబగబా చెప్పొచ్చు కదా," అన్నాను.

"నాకు కనపడతాండాయి కదా," అన్నాడు కామయ్య. "ముందర నల్లమూతిది, దాని పక్కన చెవి చీలింది. ఆ రెండూ యాడికి పోయినా జంటే. ఆ ఎనక బొల్లిది. అది సందుకాడ ఒక నిమిషం నిలబడి దిక్కులు చూస్తాది. దాన్ని తొయ్యకూడదు."

నా కోపం ఎటు పోయిందో పోయింది. అమ్మేసి పదిహేనేళ్ళయిన గొర్రెలు. ఈ పదకొండు రోజులుగా ప్రతి పొద్దూ ఆ బటన్ మీద వేలు పెట్టి ఆయన వాటిని మళ్ళీ ఇంటికి తోలుకుంటున్నాడు. బండి లేవడం ఆయనకు రెండో పని. చెంచమ్మకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసేమో, తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

రెండో ప్లగ్గు బిగించాను. లోపల లెక్క కట్టుకున్నాను. ఆయన వేగానికి ఆరు జతలంటే ఇరవై రెండు సెకన్లు, అది చాలు.

"పెద్దాయనా, ఆరు జతలే తోలు. ఆరోది లోపలికి పోతానే బటన్ వదిలెయ్."

ఆయన ముఖం చిన్నబోయింది. "ఆరేనా? మిగతాయి బయటే ఉంటాయే."

"మధ్యాన్నం బండి ఆపి మళ్ళీ లేపుతావు కదా, అప్పుడు ఇంకో ఆరు. సాయంత్రం ఇంకో ఆరు."

ఆలోచించి, అది సబబే అన్నట్టు తల ఊపాడు. నా ఎదుటే ఆరు జతలు తోలాడు. బండి లేచింది. చేతిలో ఉన్న బీడీని చెంచమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని నలిపి పారేసి, బిరడాను మళ్ళీ కొంగున ముడేసుకుంది. ఇంక అక్కర్లేదు కదమ్మా అంటే, ఉండనీలే అబ్బయ్యా, చూద్దాం అంది.

అది జరిగి ఏడాది దాటింది. ఈ మధ్యలో ఆయిలు మార్చుకోవడానికి కామయ్య రెండుసార్లు వచ్చాడు. బాగుండావా అంటే బాగుండాను అన్నాడు. నేను బండిని చూశాను గానీ మనిషిని సరిగ్గా చూడలేదు. మెకానిక్ బుద్ధి.

మొన్న చలి ముదిరింది. ఉదయగిరి కొండ కింద పొద్దున పూట చేతులు కొంకర్లు పోతున్నాయట. ఏడు కూడా కాలేదు, ఫోను మోగింది. ఈసారి కామయ్యే.

"అబ్బయ్యా, నీ ప్లగ్గు మళ్ళీ చచ్చింది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా లేవడంలేదు. శనగ చేను కాడ మనుషులు కాసుకోనుండారు."

"మళ్ళీ ఇరవై తోలినావా?"

"లేదు. ఆరే. సంవత్సరంగా ఆరే."

"బటన్ నొక్కితే వైరు వెచ్చబడతాండాదా?"

"పడతాండాది."

వైరు వెచ్చబడుతుంటే ప్లగ్గు బతికే ఉన్నట్టు. నాకు అనుమానం వచ్చింది. "ఏదీ, ఫోనులో లెక్కపెట్టు," అని గోడ గడియారం వైపు చూశాను.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు," అన్నాడు.

పదకొండు సెకన్లు. మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఏంది నీ గోల అని విసుక్కుంటూ మళ్ళీ చెప్పాడు. మళ్ళీ పదకొండే. మధ్యలో ఎక్కడా ఆగలేదు. దగ్గలేదు. అంకెకూ అంకెకూ మధ్య ఆ ఎగబీల్చే చప్పుడు లేదు. నిరుడు నా ముందు ఒక్కో జతకు ఒక్కో ఊపిరి తీసిన మనిషి, ఇప్పుడు ఆరు జతలనూ ఒక్క ఊపిరిలో లోపలికి తోలాడు. ఎండాకాలం, వానాకాలం ఇంజను ఎలాగూ కొంచెం వేడికే లేస్తుంది కాబట్టి లెక్క సగం సమయానికే అయిపోతోందని ఎవరికీ తెలియలేదు. చలి వచ్చేసరికి ఆ తేడాను బండి కనిపెట్టింది.

గోడ గడియారం ముల్లునే చూస్తూ ఉండిపోయాను.

"అబ్బయ్యా, ఉండావా?" అన్నాడు కామయ్య.

"ఉండా. ప్లగ్గుకు ఏం కాలేదు పెద్దాయనా. నీకు ఊపిరి వచ్చింది. అందుకని గొర్రెలు తొందరగా పోతాండాయి. పన్నెండు జతలు తోలు."

ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. "పన్నెండా," అన్నాడు. ఆ గొంతులో సంతోషం పన్నెండు జతల గురించే. ఫోను చెంచమ్మ చేతికిచ్చినట్టున్నాడు. దూరం నుంచి లెక్క వినిపించింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పన్నెండు అన్నాక సెల్ఫ్ చప్పుడు, ఆ వెంటనే దబ్ దబ్ మని ఇంజను.

"ఏమైందబ్బయ్యా? కొత్తది కొనాల్నా?" అంది చెంచమ్మ.

"ఏం కొనొద్దమ్మా," అని ఆమెకు సంగతి విడమరచి చెప్పాను. ఆయనకు చెప్పినట్టు కాకుండా, నిరుడు ఎంత సేపు పట్టిందో, ఇప్పుడు ఎంత పడుతోందో గడియారం లెక్కతో చెప్పాను. ఫోనులో ఇంజను చప్పుడు వినిపిస్తూ ఉంది. అది మెల్లగా చేను వైపు పోయి వినపడకుండా అయ్యాక ఆమె మాట్లాడింది.

"ఆ బిరడా ఇంకా నా కొంగునే ఉండాది. ఈసారి ఆత్మకూరుకు వచ్చినప్పుడు నీకు ఇచ్చేస్తా. పాత ఇనుములో పారెయ్," అంది. మళ్ళీ తనే, "వచ్చే చలికి ఇరవై తోలాల్సి వస్తాదా అబ్బయ్యా?" అని అడిగింది.

"వస్తాదమ్మా," అన్నాను.